ఇంటి దస్తావేజు: ఊరి సాక్ష్యం నుంచి రిజిస్టరు పుస్తకం దాకా

తెలుగు నేల మీద ఇల్లు చేతులు మారితే దానికి రుజువు చాలాకాలం ఊరే. అమ్మేవారు, కొనేవారు, దాయాదులు, ఇరుగుపొరుగు, పెద్దమనుషులు ఒకచోట కూడి, హద్దులు చూపించి, సొమ్ము అందరి ఎదుటా లెక్కపెట్టి ఇస్తే బేరం పూర్తయినట్టే. ఈ ఆచారానికి శాస్త్రం అండ కూడా ఉంది. ఆరో విక్రమాదిత్యుడి కాలంలో కల్యాణి చాళుక్యుల రాజ్యంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, తెలుగువారి ఆస్తి వ్యవహారాలకు శతాబ్దాల పాటు ఆధారమైంది. నేల ఒకరి నుంచి ఒకరికి పోవాలంటే ఊరివారు, జ్ఞాతులు, హద్దుల పక్కవారు, దాయాదులు సమ్మతించాలి, బంగారంతో పాటు నీళ్లు ధారపోయాలి అన్న పాత స్మృతి వాక్యాన్ని మితాక్షర తీసుకుని, ఒక్కోదానికి కారణం చెబుతుంది. ఊరి సమ్మతి అడగడం విషయం బయటికి తెలియడానికి. హద్దుదారులను పిలవడం రేపు గట్టు తగాదా రాకుండా ఉండడానికి. జ్ఞాతులను అడగడం వారు వేరుపడ్డారా, ఇంకా ఉమ్మడిగా ఉన్నారా అన్న అనుమానం తర్వాత తలెత్తకుండా ఉండడానికి. ఇక నీళ్లు, బంగారం ఎందుకంటే, నేలను అమ్ముకోవడాన్ని నిందించి దానాన్ని మెచ్చుకున్న కాలంలో అమ్మకం కూడా దానం రూపంలోనే జరగాలి గనక. 13వ శతాబ్దంలో కేతన ఈ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడిగేవి కూడా దాదాపు ఇవే: సాక్షులు, హద్దులు, వారసుల సంతకాలు, నలుగురికీ తెలిసేలా ఒక నమోదు.

రాతలో పెట్టడం రాజుల దానాలతో ముందు మొదలైంది. ఏడో శతాబ్దం నుంచి వేంగి చాళుక్యుల రాగి శాసనాలు దొరుకుతున్నాయి. వాటిలో దానమిచ్చిన రాజు వంశం, పుచ్చుకున్నవారి గోత్రం, ఊరి నాలుగు ఎల్లలు, ఆజ్ఞను అమలు చేసిన అధికారి, లేఖకుడు వరసగా కనిపిస్తారు. ఎల్లలు చెప్పేటప్పుడు చెరువు, పుట్ట, చెట్టు, బాట వంటి కదలని గుర్తులనే చెబుతారు. దానాన్ని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం చివర ఉంటుంది. కోర్టు లేని కాలంలో పత్రానికి రక్షణ ఆ భయమే. విజయనగర కాలానికి నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైన ఎనిమిది భోగాలు, దానం చేయడానికి, తాకట్టు పెట్టడానికి, అమ్మడానికి హక్కు అన్న మాటలు శాసనాల్లో స్థిరపడ్డాయి. 20వ శతాబ్దపు తెలుగు విక్రయ దస్తావేజుల్లో దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా అనుభవించవలసిందని రాసే వాక్యం ఆ రాగి రేకుల నుంచి దిగివచ్చిందే. రాజు అగ్రహారం ఇచ్చినప్పుడు వాడిన మాటలనే, రెండు దూలాల పెంకుటింటిని అమ్ముకునే రైతూ తన కాగితంలో రాయించుకున్నాడు.

మామూలు జనం ఇళ్ల విషయంలో ఇంత రాత లేదు. తాటాకు మీద గంటంతోనో, తర్వాత కాగితం మీద కలంతోనో గ్రామ కరణం రాసిన చీటీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే నోటిమాటే. ఊరి లెక్కలు, హద్దులు, ఎవరి ఇల్లు ఎవరి చేతికి ఎలా వచ్చిందన్న సంగతి కరణానికి తెలుసు. అందుకే అతని చేతిరాతకు విలువ. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దమనుషులు కూర్చుని, వాటాలు సమంగా పేర్చి, చీట్లు వేసి, ఎవరికి ఏ గది, ఏ పెరడు వచ్చిందో ఒక జాబితాగా రాయించేవారు. పారీఖత్తు, పంపకాల కాగితం వంటి పేర్లతో ఇవి పెట్టెల్లో భద్రంగా ఉండేవి. తగాదా వస్తే కాగితాన్ని బయటికి తీసేవారు. దాన్ని నమ్మాలో వద్దో మాత్రం ఆ రోజు కూర్చున్న పెద్దల జ్ఞాపకమే చెప్పేది.

ఆ ఏర్పాటు ఈస్టిండియా కంపెనీ కాలంలో సడలడం మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి 17వ రెగ్యులేషన్ దస్తావేజులను నమోదు చేసే పద్ధతి తెచ్చింది. నమోదు తప్పనిసరి కాదు, కావాలనుకున్నవారు చేయించుకోవచ్చు. కంపెనీ కోర్టుల్లో న్యాయాధికారి ఊరికి కొత్తవాడు. పెద్దమనుషుల మాట విలువ అతనికి తెలియదు, కాగితమే తెలుసు. ఒకే ఇంటిని ఇద్దరికి అమ్మడం, పాత తేదీ వేసి తాకట్టు పత్రం పుట్టించడం కోర్టులకు పెద్ద తలనొప్పి అయ్యాయి. ఈ చిక్కులకు జవాబుగా 1864 నాటి 16వ చట్టం బ్రిటిషిండియా అంతటా స్థిరాస్తి పత్రాల నమోదును తప్పనిసరి చేసింది. దాన్ని 1866, 1871, 1877 చట్టాలు సవరిస్తూ వచ్చాయి. 1909 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 1908 నాటి 16వ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. స్టాంపులకు 1899 చట్టం, బదిలీలకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం తోడయ్యాయి. నేటికీ ఇల్లు కొనే ప్రతి తెలుగు కుటుంబం ఈ మూడు పాత చట్టాల గుండానే నడవాలి.

1882 చట్టంలో 54వ సెక్షన్ ఒక గీత గీసింది. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. వందకు తక్కువైతే స్వాధీనం అప్పగించినా చాలు. ఆ రోజుల్లో పల్లెటూరి పూరిల్లు, మట్టిగోడల ఇల్లు వంద రూపాయలకు చాలా తక్కువ. కాబట్టి తాళంచెవి చేతిలో పెట్టడంతో ముగిసిన అమ్మకాలు ఎన్నో చట్టరీత్యా సక్రమమైనవే. కాగితం లేదు గనక హక్కు లేదని ఆ తరం కుటుంబాలను ఇవాళ నిలదీయడం అన్యాయం. ధరలు వేల రెట్లు పెరిగినా మూల చట్టంలో ఆ వంద అంకె మారలేదు. 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానానికి మాత్రం విలువతో పని లేదు. ఎంత చిన్న ఇల్లయినా రిజిస్టరు పత్రం, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో కోస్తా జిల్లాల్లో రాసిన ఇంటి అమ్మకపు దస్తావేజును దగ్గరగా చూస్తే ఆ కాలపు సంసారమంతా కనిపిస్తుంది. మొదట ఇంగ్లీషు తేదీ, పక్కనే తెలుగు సంవత్సరం పేరు, మాసం, తిథి. తర్వాత రాయించుకున్నవారు, రాసి ఇచ్చినవారు: తండ్రి పేరు, కులం, వృత్తి, వయసు, కాపురం. ఆ తర్వాత ఆ ఇల్లు అమ్మేవారికి ఎలా వచ్చిందో చెప్పే రెండు మూడు వాక్యాలు. పిత్రార్జితమా, స్వార్జితమా, పంపకంలో వచ్చిందా అన్నది అక్కడే తేలాలి. ఆ పైన అమ్మడానికి కారణం. ఆడపిల్ల పెళ్లి, తండ్రి చేసిన బాకీ, కుటుంబ ఖర్చులు, కొత్తగా కొన్న భూమికి సొమ్ము చాలకపోవడం. ఈ కారణం ఊరికే రాసింది కాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని యజమాని కుటుంబ అవసరానికి మాత్రమే అమ్మగలడని, ఆ అవసరం గురించి కొనేవాడు విచారించుకోవాలని ప్రీవీ కౌన్సిల్ 1856లో చెప్పింది. మైనరు కొడుకు పెద్దవాడై దావా వేస్తే అప్పుడు కొన్నవాడికి అడ్డం నిలిచేది దస్తావేజులోని ఆ ఒక్క వాక్యమే. అందుకే జాగ్రత్తపరులు కొడుకులందరి చేతా సంతకం పెట్టించేవారు. మైనర్ల తరఫున తండ్రే రెండోసారి సంతకం చేసేవాడు. అన్నదమ్ముడు పక్కన సాక్షి సంతకం పెట్టినా, తనకు తెలిసే జరిగిందని అతన్ని కట్టడి చేయడానికి అది పనికొచ్చేది.

దస్తావేజు చివర ఆస్తి వివరం, అదే షెడ్యూలు. తూర్పున ఫలానావారి పెరటి గోడ, దక్షిణాన రాజబాట, పడమర ఉమ్మడి గోడ, ఉత్తరాన ఫలానావారి దొడ్డి. ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్న పెంకుటిల్లు, దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, తలుపులు, పెరట్లో కొబ్బరిచెట్లు, ఉమ్మడి బావిలో నీళ్లు తోడుకునే హక్కు, చూరు నీళ్లు పడే జాగా, దొడ్డిలోకి నడిచే దారి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 21వ సెక్షన్ పట్టణాల్లోని ఇళ్లను వీధికి ఏ పక్కన ఉన్నాయో, ఇప్పుడెవరున్నారో, ఇంతకు ముందు ఎవరుండేవారో, ఇంటి నంబరుంటే అదేమిటో చెప్పి వర్ణించమంటుంది. పొలానికి సర్వే నంబరుంది. ఇంటికి మాత్రం చాలాచోట్ల పొరుగువారి పేర్లే చిరునామా. పొరుగువారు చనిపోయి, వారి వారసులు ఇల్లు అమ్ముకుని వెళ్లాక ఆ హద్దు ఎవరిదో తేల్చడం పెద్ద పని. ఇప్పటికీ సివిల్ కోర్టుల్లో నలిగే ఇంటి దావాల్లో చాలా భాగం ఉమ్మడి గోడ ఎవరిదన్న దగ్గర, నడవ హక్కు దగ్గర ఆగేవే.

దస్తావేజు రాసేవారిది ప్రత్యేకమైన వృత్తి. కరణం స్థానంలో క్రమంగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చునే దస్తావేజు లేఖరి వచ్చాడు. స్టాంపు వెండరు దగ్గర కాగితం కొనాలి. కొన్నవారి పేరు, తేదీ కాగితం వెనుక, వెండరు పుస్తకంలో కూడా ఎక్కుతాయి. పాత తేదీ వేసి రాసిన దొంగపత్రాలు పట్టుబడింది తరచూ అక్కడే: పత్రం మీది తేదీ కన్నా స్టాంపు అమ్మిన తేదీ తర్వాతది కావడం. లేఖరికి పాఠం కంఠతా వచ్చు. కొట్టివేతలు, పైరాతలు ఉంటే చివర వాటిని లెక్కగట్టి రాయాలని, లేకపోతే రేపు దాన్నే పట్టుకుంటారని అతనికి తెలుసు. చదువురాని అమ్మకందారుకు మొత్తం చదివి వినిపించినట్టు రాసి, అడుగున తన పేరు పెట్టుకుంటాడు. దస్తావేజు భాష పాతబడినా చెక్కుచెదరకుండా మిగిలిందంటే కారణం లేఖరుల జాగ్రత్తే. కోర్టులో నిలిచిన మాటను మార్చే సాహసం ఎవరూ చేయలేదు.

సంతకం రానివారు గీసే గుర్తు నిశాని. దాని పక్కన లేఖరి ఇది ఫలానావారి నిశాని అని రాసేవాడు. అది ఎవరైనా గీయగలరు గనక వేలిముద్ర వచ్చింది. బెంగాల్లోని హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్న విలియం హెర్షెల్ 1877లో రిజిస్ట్రేషన్ పత్రాలకు వేలిముద్ర తీయించడం మొదలుపెట్టాడు. 1858లో జంగీపూర్‌లో ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేయి ముద్ర వేయించిన అనుభవం అతనికి అప్పటికే ఉంది. నేరస్థులను పట్టుకునే విద్యగా పేరుపడ్డ వేలిముద్ర మొదట నిలదొక్కుకున్న చోట్లలో రిజిస్ట్రారు కార్యాలయం ఒకటి. ఎడమ బొటనవేలికి సిరా పూసి పత్రం మీద, వేలిముద్రల రిజిస్టరులో ఒత్తించుకోవడం ఊరూరా అలవాటైంది. 2001 సవరణతో అమ్మేవారి, కొనేవారి ఫొటోలు కూడా తోడయ్యాయి.

రిజిస్టరు చేయడమంటే ఏమిటన్న దానిపై జనంలో ఉన్న నమ్మకం వేరు, చట్టం చెప్పేది వేరు. పత్రం రాసిన నాలుగు నెలల్లోగా దాఖలు చేయాలి. రాసి ఇచ్చినవారు వచ్చి ఒప్పుకోవాలి. వారు వారేనని గుర్తించేవారు ఉండాలి. అప్పుడు ఆ పత్రం ఒకటో పుస్తకంలోకి ఎక్కుతుంది. రిజిస్టరు చేయడానికి నిరాకరిస్తే కారణాలు రెండో పుస్తకంలోకి, వీలునామాలు మూడో పుస్తకంలోకి పోతాయి. పేర్ల సూచిక, ఆస్తుల సూచిక విడిగా ఉంటాయి. ఒకటో పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చు. మితాక్షర కోరిన బహిరంగత ఈ రూపంలో మిగిలింది. అయితే అమ్మేవాడికి నిజంగా హక్కుందా అని విచారించడం సబ్ రిజిస్ట్రారు పని కాదు. యాజమాన్య పత్రాలు చూపనిదే రిజిస్టరు చేయరాదన్న తమిళనాడు నిబంధనను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఈ కారణంతోనే కొట్టివేసింది. రిజిస్టరు ఎక్కేది పత్రం. హక్కు దానికి ముందే ఉండాలి. ఈ తేడా తెలియక జీవితకాలపు పొదుపంతా పోగొట్టుకున్న కుటుంబాలు తెలుగు పట్టణాల్లో తక్కువ కాదు.

బయటివారికి అమ్మడం కన్నా ఇంట్లోవారికి ఇవ్వడమే ఎక్కువ రకాల పత్రాలకు జన్మనిచ్చింది. అన్నదమ్ములు వేరుపడితే భాగపరిష్కార దస్తావేజు. వాటా వద్దనుకున్నవారు రాసేది హక్కు విడుదల. తండ్రి బతికుండగానే కొడుక్కో కూతురికో ప్రేమాభిమానాలతో ఇచ్చేది దాన సెటిల్‌మెంట్. తన తదనంతరం చెందవలసిందిగా రాసేది వీలునామా. దీనికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మార్చుకునే హక్కు చివరిదాకా ఉంటుంది. 1899 స్టాంపు చట్టం సెటిల్‌మెంట్‌ను ప్రత్యేకంగా నిర్వచించింది. పెళ్లి సందర్భంగా గానీ, కుటుంబంలోని వారికి పంచడానికి గానీ, ధర్మకార్యానికి గానీ చేసే ఏర్పాటు అది. కుటుంబ సభ్యులకైతే సుంకం తక్కువ కావడంతో, అమ్మకంలా కనిపించే ఇంటి లోపలి బదిలీలు క్రమంగా ఈ దారి పట్టాయి. ఇల్లరికపు అల్లుడికి ఇల్లు చెందడం రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఆచారంగా ఉండేది. మద్రాసు కోర్టులు దాన్ని గుర్తించాయి. అయినా మాట తప్పిన మామల మీద వ్యాజ్యాలు వచ్చాక ముందే ఒప్పందం రాయించుకోవడం మంచిదని తేలింది.

పంపకాల జాబితా కథ ఇంకొంచెం చిక్కు. ఇదివరకే నోటిమాటతో జరిగిపోయిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంపకం జరిగితే రిజిస్ట్రేషన్ కావాలి. కుటుంబ పరిష్కారాల విషయంలో ఉదారంగా ఉండాలని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. అయినా పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న జాబితా కోర్టుకు వచ్చినప్పుడల్లా, రాసింది జరిగిపోయినదాని గురించా, అప్పుడు జరుగుతున్నదాని గురించా అని ఒక్కొక్క క్రియాపదాన్ని పట్టి వాదిస్తారు. స్టాంపు లేకపోతే పది రెట్లు జరిమానా కట్టి, పరిమిత ప్రయోజనానికి మాత్రమే దాన్ని చూపుకోవచ్చు.

ఆడపిల్లల సంగతిలో కాగితం రెండు వైపులా పనిచేసింది. పసుపుకుంకుమల కింద కూతురికి పొలమో ఇంటిస్థలమో ఇవ్వడం కోస్తాలో పాత ఆచారం. పెళ్లిపీటల మీద అనడమే గానీ రాసి రిజిస్టరు చేయకపోవడంతో, తండ్రి పోయాక అన్నదమ్ములు ఒప్పుకోకపోతే ఆమె చేతిలో ఏమీ మిగిలేది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి భాగమిచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. ఆ హక్కును దేశంలో మొదట కూతుళ్లకూ ఇచ్చింది ఆంధ్రప్రదేశ్. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలై, అప్పటికి పెళ్లికాని కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది. కేంద్ర చట్టం ఆ పని 2005లో చేసింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగపరిష్కారాలను, కోర్టు డిక్రీలను ఆ సవరణ కదపలేదు. నోటిమాట పంపకం అప్పటికే జరిగిందని చెబితే చాలదని, బలమైన ప్రభుత్వ రికార్డు ఉంటే తప్ప ఒప్పుకోరాదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత ఇల్లు కొనేవారి లాయర్లు అక్కచెల్లెళ్ల సంతకాలు తప్పక అడుగుతున్నారు. దాంతో హక్కు విడుదల పత్రాలు పెరిగాయి. పుట్టింటి రాకపోకలు పోకూడదని, చీర సారెలు ఆగకూడదని, పైసా తీసుకోకుండా బొటనవేలు వేసి వచ్చే ఆడపడుచులు ఎందరో. చట్టం ఇచ్చిన సమానత్వాన్ని అదే చట్టం కింద రాసిన ఒక చిన్న పత్రం వెనక్కి తీసుకుపోతున్నదన్నది కాదనలేని నిజం. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తోబుట్టువులైతే అక్కడి నోటరీ ముందో భారత కాన్సులేటులోనో పవరాఫ్ అటార్నీ రాసి పంపుతారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

నిజాం రాజ్యంలో కథ వేరుగా నడిచింది. ప్రభుత్వ వ్యవహారం మొదట పర్షియన్‌లో, 1880ల నుంచి ఉర్దూలో సాగింది. అమ్మకపు పత్రం బైనామా, దానపత్రం హిబానామా. పాత తెలంగాణ కాగితాల మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ముస్లిం ధర్మం ప్రకారం ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం మూడూ ఉంటే నోటిమాట హిబా కూడా చెల్లుతుంది. 1882 చట్టం దాన్ని ముట్టుకోలేదు. అలాంటి దానాన్ని రిజిస్టరు చేయని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన అది చెల్లకుండా పోదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. తెలంగాణ పల్లెల్లో స్టాంపు, రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు అమ్మకాలు, అవే సాదా బైనామాలు, ఇప్పటికీ వేల కుటుంబాల ఆధారం. వ్యవసాయ భూమి విషయంలో వాటిని క్రమబద్ధం చేసే సెక్షన్ 1989లో చేరింది. పట్టణాల్లో అదే పాత్రను నోటరీ కాగితాలు పోషించాయి. హైదరాబాద్ బస్తీల్లో నోటరీ మీద చేతులు మారిన ఇళ్లకు లెక్కే లేదు.

చట్టం కింద కూడా అమ్ముకోలేని ఇళ్లున్నాయి. గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాన్ని గట్టిపరచిన 1970 సవరణ ప్రకారం స్థిరాస్తి గిరిజనేతరులకు బదిలీ అయితే అది చెల్లదు. గిరిజనుల భూమి కోసం తెచ్చిన ఈ రక్షణ అవసరమైనదే. దాన్ని దాటడానికి తెల్లకాగితాల మీద చేసే అమ్మకాలు కొనసాగడమే విచారం. పేదలకిచ్చిన డి.పట్టాల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఇక ఊరి నడిబొడ్డున ఉండే గ్రామకంఠం మరో రకం. ఊరి ఇళ్లన్నీ సర్వే పటంలో ఒకే నంబరు కింద ఉండడంతో, తరతరాలుగా కాపురమున్నా ఇంటిపన్ను రసీదు తప్ప మరో కాగితం ఉండదు. బ్యాంకు ఆ రసీదుకు అప్పివ్వదు. డ్రోన్లతో కొలిచి ఇంటింటికీ ఆస్తి కార్డు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది ఈ లోటు తీర్చడానికే.

మేడలు అపార్ట్‌మెంట్లయ్యాక షెడ్యూలు రూపం మారిపోయింది. 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. కొనేది గోడల మధ్య జాగా మాత్రమే కాదు, కింది నేలలో విడదీయని వాటా ఇన్ని చదరపు గజాలు అని రాస్తారు. ఒకప్పుడు పొరుగువారి పేర్లుండే హద్దుల చోట ఇప్పుడు తూర్పు ఓపెన్ టు స్కై, పడమర కారిడార్ అని ఉంటుంది. స్థలాల ధరలు పెరిగేకొద్దీ దస్తావేజులో అసలు ధర దాచడం పెరిగింది. దాన్ని అరికట్టడానికి 1970ల్లో ప్రభుత్వం మార్కెట్ విలువల పట్టికలు తెచ్చింది. జనరల్ పవరాఫ్ అటార్నీ (జీపీఏ), అగ్రిమెంటు, వీలునామా కలిపి అమ్మకంలా నడిపించే పద్ధతి సుంకం తప్పించుకునే మరో దారి. అలాంటి కాగితాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో స్పష్టం చేసింది. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమ్మకం మీద సుంకాలు, ఫీజు కలిసి దాదాపు ఏడున్నర శాతం. మధ్యతరగతికి ఇది చిన్న భారం కాదు.

రిజిస్టరు పుస్తకాల్లో గుమాస్తాలు చేత్తో నకలు రాసే కాలం 1998లో వచ్చిన కార్డ్ కంప్యూటర్ పథకంతో ముగియడం మొదలైంది. అంతకు ముందు దస్తావేజు చేతికి రావడానికి రోజులు, వారాలు పట్టేవి. ఆస్తి మీది లావాదేవీలు, బాకీలు చూపే ధ్రువపత్రం, అదే ఈసీ, కావాలంటే ఏళ్ల తరబడి సూచికలను పేజీ పేజీ తిప్పి వెతకాలి. కరణాల వ్యవస్థ 1984లోనే రద్దయింది. ఊరి చరిత్ర తెలిసిన మనిషి పోయి ఆ స్థానంలోకి తెర వచ్చింది.

ఇంటిని పిల్లలకు రాసిచ్చాక వీధిన పడ్డ తల్లిదండ్రుల కోసం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ పెట్టింది. పోషిస్తామన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి, పోషించకపోతే తిరిగి రప్పించుకోవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరిలో ఇచ్చిన మరో తీర్పు వృద్ధుల రక్షణ కోణంలో ఆ సెక్షన్‌ను ఉదారంగా చదవాలన్నది. దాన సెటిల్‌మెంట్లో జీవితాంతం కాపురముండే హక్కు అట్టిపెట్టుకుంటున్నామని, చూసుకోకపోతే రద్దు చేసుకునే హక్కుందని రాయించాలని లాయర్లు గట్టిగా చెబుతున్నారు. అలాంటి షరతు లేకుండా ఇచ్చేశాక ఒంటరిగా వెళ్లి రద్దు చేసుకుంటానంటే కుదరదు. అమ్మకం విషయంలోనూ అంతే: ఆంధ్రప్రదేశ్ 2006లో తెచ్చిన నిబంధన ప్రకారం అమ్మకపు దస్తావేజు రద్దుకు ఇరుపక్షాలూ రావాలి.

హక్కుకే ప్రభుత్వం హామీ ఇవ్వాలన్న ఆలోచనతో ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టాన్ని చేసి, 2023 అక్టోబరులో అమల్లోకి తెచ్చింది. వివాదాలు కోర్టుల నుంచి అధికారుల చేతికి పోతాయన్న భయంతో లాయర్లు ఆందోళన చేశారు. 2024 ఎన్నికల్లో అది పెద్ద వివాదమైంది. కొత్త ప్రభుత్వం ఆ ఏడాదే దాన్ని రద్దు చేసింది. దాంతో ఇల్లు కొనేవారి పని పాత పద్ధతికే వచ్చింది: ముప్పై ఏళ్ల ఈసీ తీయించడం, లింకు దస్తావేజులన్నీ మూలప్రతులతో చూసుకోవడం, ఎక్కడ గొలుసు తెగిందో వెతకడం, వారసులందరి సంతకాలు తీసుకోవడం, నాలుగు హద్దులు స్వయంగా వెళ్లి పొరుగువారిని అడిగి తెలుసుకోవడం.